తేలేవీ మునిగేవీ: ముదినేపల్లి నుంచి బందరు దాకా

ముదినేపల్లిలో ఏ మేతల కొట్టుకి వెళ్లినా రెండు జాతుల బస్తాలు ఉంటాయి. ఒక బస్తాలో పెల్లెట్లు నీళ్లలో వేస్తే తేలి తీరాలి. రెండో బస్తాలోవి మునిగి తీరాలి. తేలేది చేపకి, మునిగేది రొయ్యకి. తారుమారైతే పెట్టిన డబ్బు అక్షరాలా నీళ్లపాలు. చేప పైకి వచ్చి నోరు తెరుస్తుంది కాబట్టి ఎంత తిన్నదీ, ఎంత వదిలేసిందీ గట్టు మీద నిలబడ్డవాడికి కనపడుతుంది. రొయ్య అడుగున పాకుతూ ఏరుకు తింటుంది. తేలే పెల్లెట్టు దానికి అటక మీద పెట్టిన విస్తరి. అందుకే రొయ్యల రైతు చెక్ ట్రేలు దించి, కాసేపాగి పైకి లాగి, మిగిలిన మేతని బట్టి తర్వాతి మేత ఎంత వేయాలో లెక్క వేసుకుంటాడు.

విచిత్రం ఏమిటంటే రెండు బస్తాల్లోనూ సరుకు ఇంచుమించు ఒకటే. సోయా చెక్క, తవుడు, గోధుమ పిండి, చేప పొడి వగైరా. తేడా అంతా మిల్లులో ఉంది. తేలే మేతకి పిండిని ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి మీద ఉడికించి సన్నటి బెజ్జంలోంచి బయటికి నెడతారు. బయటికి రాగానే ఒత్తిడి ఒక్కసారి పడిపోయి, లోపలి తడి ఆవిరైపోయి పిండిని పొంగిస్తుంది. ఆ పొంగిన పెల్లెట్టుని విరిచి చూస్తే సన్నసన్న గాలి గదులు కనిపిస్తాయి. బరువు ఇంచుమించు అంతే. అది ఆక్రమించే చోటు పెరిగింది, అంతే.

సాంద్రత అంటే ఇదే. ఒక వస్తువు తన బరువుని ఎంత చోటులో సర్దుకుందన్న లెక్క. మంచినీళ్లు లీటరుకి కిలో తూగుతాయి. లీటరు చోటులో కిలోకి తక్కువ ఉన్నది నీళ్ల మీద తేలుతుంది, ఎక్కువ ఉన్నది మునుగుతుంది. బడిలో ఈ పాఠానికి ఇనప మేకునీ చెక్క ముక్కనీ చూపించి వదిలేస్తారు గానీ, కృష్ణా డెల్టాలో పిల్లాణ్ణి ఒక పూట చెరువు గట్టు మీదా, ఒక పూట పాల కేంద్రం దగ్గరా నిలబెడితే పుస్తకం అక్కర్లేదు.

బస్తాకి బెజ్జాలు

తేలే మేత రాకముందు, ఇప్పుడూ చాలా చోట్ల, కొల్లేటి చుట్టుపక్కల చేపల రైతుది వేరే పద్ధతి. తవుడూ చెక్కా కలిపి చల్లితే కొంత తేలి గాలికి ఒక మూలకి కొట్టుకుపోతుంది, కొంత అడుక్కి దిగి బురదలో కలుస్తుంది. అందుకని సంచులకి బెజ్జాలు పొడిచి, మేత నింపి, చెరువులో పాతిన వెదురు కర్రలకి కట్టి వేలాడదీస్తారు. చేపలు వచ్చి ఆ బెజ్జాల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. తేలకుండా, మునగకుండా మేతని నడి నీళ్లలో నిలబెట్టడమన్నమాట. ఈ ఉపాయం ఇక్కడి రైతులదే, ఆంధ్రా పద్ధతి అని బయట చేపల శాస్త్రవేత్తలు కూడా రాసుకున్నారు.

చేప కడుపులో బుడగ

ఒకే చెరువులో బొచ్చె పైపైన తిరుగుతుంది, శీలావతి నడుమ, ఎర్రమోసు అడుగున. మూడింటినీ కలిపి పెంచడంలో కిటుకు అదే, మూడంతస్తుల మేతా వృథా పోదు. మరి ఎవరి అంతస్తులో వాళ్లు రెక్క కదపకుండా ఎలా నిలబడగలుగుతున్నారు? చేప మాంసం, ముల్లూ నీటి కన్నా కాస్త బరువు. లెక్క ప్రకారం చేప మునగాలి. దాన్ని నిలబెట్టేది గాలితిత్తి.

చేపని కోయించుకునేటప్పుడు చూడండి. కడుపులోంచి తెల్లగా, వెండిలా మెరుస్తూ, మధ్యలో నొక్కు పడి రెండు గదులుగా ఉన్న బుడగ ఒకటి బయటికి వస్తుంది. పిల్లలు కాలితో తొక్కి టప్పుమనిపిస్తారు. అదే. బొచ్చె, శీలావతి జాతి చేపల్లో ఈ తిత్తికి గొంతు దగ్గరికి సన్నటి గొట్టం ఉంటుంది. పైకొచ్చి గాలి మింగి నింపుకుంటాయి, ఎక్కువైతే వదిలేస్తాయి. తిత్తి ఉబ్బితే ఒళ్లు పెద్దదవుతుంది గానీ బరువు పెరగదు. సాంద్రత సరిగ్గా నీటితో సమానమయ్యేదాకా సర్దుకుంటే చాలు, ఇక పైకీ పోదు, కిందికీ పోదు.

సముద్రం చేపలన్నిటికీ ఈ సౌకర్యం లేదు. వంజరానికి గాలితిత్తి ఉండదు, ఈదడం ఆపితే కిందికి దిగిపోతుంది. సొర చేపకీ లేదు. దానికి బదులు కడుపు నిండా పెద్ద కాలేయం, ఆ కాలేయం నిండా నూనె. నీటికన్నా తేలికైన నూనెని మోసుకు తిరుగుతూ కొంత బరువు దించుకుంటుంది.

ఇక కచిడి చేప సంగతి. మన తీరంలో ఎప్పుడైనా పెద్ద కచిడి పడితే పేపర్లో ఫొటో వస్తుంది, ధర లక్షల్లోకి పోతుంది. ఆ ధర కూరకి కాదు, గాలితిత్తికి. ఎండబెట్టిన తిత్తి తూర్పు దేశాల్లో సూపులోకి, మందుల్లోకి పోతుంది. చేప తిత్తులతో బీరు, వైను తేటపరచడం యూరప్‌లో పాత అలవాటు. మన కాలికింద టప్పుమన్నది ఇంకో చేపలో ఉంటే జాలరి ఇంట పండగ.

వానొస్తే రొయ్యల రైతుకి నిద్ర ఉండదు

ఉప్పు తగిలిన చెరువులో కుండపోతగా వాన పడితే ఆ వాన నీళ్లు కలిసిపోతాయని అనుకుంటాం. వెంటనే కలవవు. వాన నీళ్లు తేలిక, చెరువు నీళ్లు బరువు. పైన ఒక పొరగా పరుచుకుంటాయి. కిందున్న నీటికీ గాలికీ మధ్య మూత పడ్డట్టే. అడుగున ప్రాణవాయువు తగ్గిపోతూ వస్తుంది, రొయ్య ఉండేది అడుగునే. అందుకే జడివానలో గొడుగేసుకుని తూము దగ్గర పలకలు సర్దుతూ పై నీళ్లు మాత్రమే బయటికి పోయేలా చూస్తారు. ఏరియేటర్లు ఆపకుండా తిప్పుతారు. ఏరియేటరు గాలి ఎక్కించడానికే అనుకుంటాం గానీ, పై నీళ్లనీ కింది నీళ్లనీ చిలికి కలపడం కూడా దాని పనే.

ఇదే చెరువుని బంగాళాఖాతమంత చేసి చూడండి. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, ఇన్ని నదులు దాంట్లోనే పడతాయి, పైగా వానలు. అందువల్ల బంగాళాఖాతం పైపొర అరేబియా సముద్రం కన్నా చప్పన, తేలిక. ఆ తేలిక నీళ్లు కింది బరువు నీళ్ల మీద దుప్పటిలా పరుచుకుని, అడుగునున్న చల్లటి నీటిని పైకి రానివ్వవు. మామూలుగా తుపాను గాలి సముద్రాన్ని చిలికి, చల్లటి నీళ్లు పైకి తెచ్చి, తన బలాన్ని తనే తగ్గించుకుంటుంది. ఇక్కడ ఆ చిలకడం అంత సులువు కాదు. పైనీళ్లు వెచ్చగానే ఉండిపోతాయి, తుపానుకి మేత అందుతూనే ఉంటుంది. బంగాళాఖాతంలో తుపానులు ముదరడానికి శాస్త్రవేత్తలు చెప్పే కారణాల్లో ఇదొకటి.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరులోనూ చుట్టుపక్కలా 30,000 మందిని తీసుకుపోయిందని అప్పటి లెక్క. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన. సర్కారు లెక్కలోనే పదివేల మంది దాకా. ఆ రెండు తేదీలూ ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పక్కర్లేదు.

అడుగు పైన, నలభై అడుగులు కింద

సముద్రానికి కూతవేటు దూరంలో ఇసకలో చెలమ తీస్తే మంచినీళ్లు రావడం దివిసీమలో కొత్త సంగతి కాదు. కొంచెం లోతుకి పోతే మాత్రం ఉప్పు. దీని వెనక లెక్కని 19వ శతాబ్దం చివర్లో బాడన్ గైబెన్ అనే డచ్చి సైనిక ఇంజనీరు, ఆ తర్వాత 1901లో హెర్జ్‌బర్గ్ అనే జర్మను, ఎవరి దేశంలో వాళ్లు సముద్రపు ఒడ్డున నీళ్లు వెతుకుతూ కట్టారు. డచ్చివాళ్లు అంతకు దాదాపు మూడు శతాబ్దాల ముందే, 1605లో, బందరులో కోఠీ పెట్టారు గానీ ఇక్కడ వాళ్లకి కావాల్సింది బట్టలు, నీళ్లు కాదు.

లెక్క సులువు. మంచినీళ్లు లీటరు కిలో అయితే సముద్రపు నీళ్లు కిలో 25 గ్రాములు. భూమిలోకి ఇంకిన వాన నీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. తేలే దేనికైనా కొంత భాగం పైన, మిగతాది కింద. ఇక్కడ ఆ వాటా ఒకటికి నలభై. సముద్ర మట్టానికి పైన ఒక అడుగు మంచినీళ్లు నిలబడితే, కింద నలభై అడుగుల దాకా మంచినీళ్లే.

సంతోషించేలోపు దీని రెండో ముఖం చూడాలి. ఫిల్టర్ పాయింటుకి పెద్ద మోటారు బిగించి పైమట్టం ఒక్క అడుగు దించితే, కిందున్న ఉప్పునీరు కాలక్రమంలో నలభై అడుగులు పైకి ఎక్కుతుంది. తీపి బోరు ఉప్పు బోరు కావడానికి సముద్రం పక్కనించి రానక్కర్లేదు, కిందినించి వస్తుంది. మోటారు హార్స్‌పవరు పెంచుకుంటూ పోయేవాళ్లకి ఈ నలభై సంఖ్య ఎవరైనా గోడ మీద రాసిపెడితే బాగుండును.

నదిలోనూ ఇదే తంతు. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోట, ఏటిలో నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో పోటు వస్తే సముద్రపు నీళ్లు ఏటి అడుగునించి నాలుకలా లోపలికి చొచ్చుకొస్తాయి. పైన మాత్రం ఏటి నీళ్లు కిందికే పోతుంటాయి. ఒకే చోట, ఒకే సమయంలో, రెండు దిక్కులకి రెండు ప్రవాహాలు.

చిలకలపూడి బంగారం, సిరక్యూసు కిరీటం

సిరక్యూసు రాజుగారి కిరీటంలో వెండి కలిపారేమోనన్న అనుమానం, తొట్టిలో దిగిన ఆర్కిమెడిస్, వీధిలో పరుగు. ఈ కథ అందరికీ వచ్చు. అది రాసిపెట్టింది విట్రువియస్ అనే రోమను, ఆర్కిమెడిస్ పోయిన దాదాపు రెండు వందల ఏళ్లకి. పొర్లిన నీళ్లు కొలిస్తే అంత చిన్న తేడా దొరకదు, ఆర్కిమెడిస్ అంత మోటుగా చేసి ఉండడు అని 1586లో 22 ఏళ్ల గెలీలియో వాదించాడు. నీళ్లలో ముంచి తూచే చిన్న త్రాసు ఒకటి తనే తయారుచేసి చూపించాడు. నాకైతే గెలీలియో పక్షమే నచ్చుతుంది.

ఈ పరీక్ష చేసి చూడ్డానికి బందరుని మించిన ఊరు లేదు. గిల్టు నగలకి పేరుపడ్డ ఊరు. చిలకలపూడి బంగారమంటే తెలుగు దేశమంతా తెలుసు. రాగి, ఇత్తడి మీద బంగారు పూత. కంటికి తేడా తెలియకుండా చేయడమే ఆ పనివాడి గొప్పతనం. నీళ్లకి మాత్రం తెలుస్తుంది.

రెండు గాజులు తీసుకుందాం, రెండూ 20 గ్రాములే. ఒకటి 22 క్యారెట్ల బంగారం, రెండోది లోపల రాగి. దారం కట్టి త్రాసుకి వేలాడదీసి నీళ్లలో ముంచి తూస్తే రెండూ తేలికవుతాయి, ఎందుకంటే ఏ వస్తువైనా తను పక్కకి నెట్టిన నీటి బరువు మేరకి నీళ్లలో బరువు తగ్గుతుంది. 22 క్యారెట్ల బంగారం సాంద్రత నీటికి సుమారు 17.8 రెట్లు, రాగిది దాదాపు 9 రెట్లు. కాబట్టి అసలు గాజు గ్రాము పైన కాస్త తగ్గుతుంది, 18.9 గ్రాముల దగ్గర నిలుస్తుంది. గిల్టు గాజు రెండు గ్రాములకి పైగా తగ్గి 17.8కి వస్తుంది. గీటురాయి పూతని దాటి లోపలికి చూడలేదు. నీళ్లు చూస్తాయి.

అలాగని నీళ్లకీ మస్కా కొట్టలేరనుకోకండి. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత 19.25, మేలిమి బంగారానిది 19.3. కడ్డీ లోపల టంగ్‌స్టన్ పెట్టి బయట బంగారం పోస్తే ఆర్కిమెడిస్ కూడా మోసపోతాడు. బయటి దేశాల్లో ఇలాంటి దొంగ కడ్డీలు పట్టుబడ్డాయి. మన గిల్టు నగల్లో ఆ మోసం లేదు లెండి, వాళ్లు గిల్టు అని చెప్పే అమ్ముతారు.

పాదరసం సాంద్రత 13.6. అంటే ఇనప గుండు పాదరసం మీద బెండులా తేలుతుంది. బంగారం మాత్రం దాంట్లోనూ మునుగుతుంది, పైగా కరిగి కలిసిపోతుంది. ఉంగరాలతో ఆడకండి.

పాల కేంద్రంలో మూడు సంగతులు

గేదె పాలు లీటరు 1,030 గ్రాములకి అటూ ఇటూ తూగుతాయి. లాక్టోమీటరు పాలలో వేస్తే ఒక గీత దగ్గర నిలుస్తుంది. నీళ్లు కలిపితే పాలు పలచబడి మీటరు ఇంకా కిందికి దిగుతుంది, గుట్టు బయటపడుతుంది.

రెండో సంగతి. వెన్న నీటికన్నా తేలిక. మీగడ తీసేస్తే మిగిలిన పాలు బరువెక్కుతాయి, లీటరు 1,035 దాకా. ఇప్పుడు ఆ పాలలో తగుమాత్రం నీళ్లు పోస్తే లాక్టోమీటరు మళ్లీ మొదటి గీత దగ్గరకే వచ్చి నిలుస్తుంది! మీగడ దొంగతనం, నీళ్ల దొంగతనం, రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు. ఒక్క లాక్టోమీటరుని నమ్ముకున్న కొనుగోలుదారుడు ఏమీ పట్టుకోలేడు.

అందుకే మూడోది. స్విట్జర్లాండుకి చెందిన గెర్బర్ 1890లలో ఒక పద్ధతి కనిపెట్టాడు. పాలలో గంధకామ్లం పోస్తే వెన్న తప్ప మిగతావన్నీ కరిగిపోతాయి. గొట్టాన్ని గిరగిరా తిప్పితే తేలికైన వెన్న గీతలున్న మెడలోకి చేరుతుంది, శాతం చదువుకోవచ్చు. పాల కేంద్రాల్లో ఇప్పుడు మిషన్లు వచ్చి పని సులువైంది. అయినా ఫ్యాటు ఎంత, వెన్న కాని ఘనపదార్థం ఎంత అని రెండూ చూసి డబ్బు కట్టడం వెనకున్న కారణం ఆ పాత రెండు దొంగతనాలే.

తాలు, గట్టి

వరి విత్తనాలు మంచినీళ్లలో పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ మునుగుతుంది. కానీ సగం పాలు పోసుకున్న గింజ కూడా మునుగుతుంది, అదే చిక్కు. అందుకని ఉప్పు కలిపిన నీళ్లు. ఎంత ఉప్పు? కొలత పరికరం కోడిగుడ్డు. తాజా గుడ్డు మంచినీళ్లలో అడుక్కి పోతుంది. ఉప్పు వేస్తూ కలుపుతుంటే ఒక దశలో పైకి లేచి కొంచెం తల బయట పెడుతుంది. అప్పుడు విత్తనాలు పోయాలి. నీరు బరువెక్కింది కాబట్టి సగం గింజలూ పైకి తేలతాయి, నిండు గింజే దిగుతుంది. తర్వాత మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడక్కపోతే మొలక చస్తుంది.

ఈ పద్ధతిని రూపొందించిన పెద్దమనిషి జపానుకి చెందిన యోకోయి. 1882 నాటి మాట. అక్కడ మామూలు వరికి 1.13 సాంద్రత, జిగురు వరికి 1.08 అని విడివిడిగా లెక్కలు కూడా ఉన్నాయి.

గుడ్డు పాతబడితే లోపలి తడి పెంకు బెజ్జాల్లోంచి ఆవిరై పోతుంది, ఆ చోటు గాలి నింపుతుంది. అందుకే మురిగిన గుడ్డు మంచినీళ్లలోనే తేలుతుంది. కోడి కిందనించి కొత్తగా వచ్చినది పడుకుంటుంది, వారం దాటినది నిలబడుతుంది, తేలినది పెంట మీదకి.

నూజివీడు రసాలు కోసే ముందు ముదిరాయో లేదో చూడ్డానికీ ఇదే దారి. ముదరని మామిడికాయ నీళ్లలో తేలుతుంది, ముదిరినది మునుగుతుంది. 1.01 నుంచి 1.02 మధ్య సాంద్రత ఉంటే కోతకి వచ్చినట్టు అని ఉద్యానవన శాస్త్రం అంటుంది.

గారెల పిండి విషయంలో మాత్రం తేలడమే పాసు మార్కు. మినప్పిండి రుబ్బి, చేత్తో బాగా గిలకొట్టి, చిటికెడు తీసి నీళ్ల గిన్నెలో వేస్తారు. తేలితే గాలి పట్టింది, గారె గుల్లగా వస్తుంది. మునిగితే ఇంకా రుబ్బాలి. మేత మిల్లులో యంత్రం చేసే పనే, అమ్మమ్మ చెయ్యి చేస్తోంది.

ఉప్పు మడిలో 25

సముద్రపు నీటిని మడుల్లో ఎండకి పెట్టేవాళ్లకి సాంద్రత తెలియకపోతే ఉప్పు చేదవుతుంది. 1768లో ఫ్రెంచి మందులవాడు బోమే పెట్టిన గీతల లెక్క ఇప్పటికీ ఉప్పు మడుల్లో నడుస్తోంది. సముద్రపు నీరు ఆ లెక్కలో 3, మూడున్నర. ఎండి ఎండి 25కి చేరితే ఉప్పు కట్టడం మొదలవుతుంది. అప్పటికి దాని సాంద్రత 1.21. అంతకుముందే సున్నపు రాళ్ల చుట్టం జిప్సం అడుగున దిగిపోయి ఉంటుంది. 29, 30 దాటనిస్తే మెగ్నీషియం లవణాలు కూడా చేరి ఉప్పు చేదెక్కుతుంది, చెమ్మ లాగుతుంది. కాబట్టి 25కి ముందు నీళ్లు ఒక మడిలో, 25 తర్వాత ఇంకో మడిలో, 30కి ముందే మిగిలిన నీళ్లు బయటికి.

కాలవలో

గుర్రపుడెక్క ఒంట్లో నూటికి తొంభై పాళ్లకి పైగా నీళ్లే. అయినా మునగదు. ఆకు కాడ మధ్యలో ఉబ్బి ఉంటుంది చూశారా, దాన్ని కోసి చూస్తే స్పాంజిలా గాలి గదులు. దక్షిణ అమెరికానించి అందం కోసం తెచ్చిన మొక్క. పోల్‌రాజ్ కాలవలో గానీ, కొల్లేటి దారుల్లో గానీ అది పేరుకున్న చోట నీళ్లు కదలవు, పడవా కదలదు.

నీటి జీలుగ బెండు ఈ దేశంలో దొరికే అతి తేలిక కలపల్లో ఒకటి. పచ్చిరొట్టకి పొలంలో చల్లే జీలుగ వేరు. తెల్లటి ఆ బెండుతోనే వధూవరుల బాసికాలు చేసేవారు, దొరల సోలా టోపీలు చేసేవారు, వల పై తాడుకి బెండ్లు కట్టేవారు. పైన బెండ్లు, కింద గుండ్లు. వల నీళ్లలో నిటారుగా నిలబడేది ఈ రెండింటి పోరులోనే. ఇప్పుడు బెండు చోట ప్లాస్టిక్కు వచ్చింది.

తాటిచెట్టు మొదలు పైచుట్టు రాయిలా గట్టి, లోపల మెత్తని గుజ్జు. లోపలిది తొలిచేస్తే దోనె. కొల్లేటిలో రెండు దోనెలు పక్కపక్కన కలిపి కట్టుకునేది తిరగబడకుండా ఉండటానికి. ఒక్క దోనె బరువు మోస్తుంది గానీ బుద్ధిగా నిలబడదు.

పోలి పాడ్యమి తెల్లారగట్ల కాలవలో వదిలే అరటి దొప్పలో ఎన్ని ఒత్తులు వేసినా దొప్ప మునగదు. అరటి బోదె నిలువునా గాలి గొట్టాల కట్ట.

ఓడ, ఏరు

సముద్రంలోంచి ఏట్లోకి వచ్చిన ఓడ కొంచెం కిందికి దిగుతుంది. ఉప్పునీటి కన్నా మంచినీరు తేలిక కాబట్టి అదే ఓడని మోయడానికి ఎక్కువ నీటిని పక్కకి నెట్టాలి. తేడా నూటికి రెండున్నర. పది మీటర్ల లోతు మునిగిన ఓడ ఏట్లోకి రాగానే ఇంకో పాతిక సెంటీమీటర్లు దిగుతుంది. అడుగు తగిలే చోట ఆ జానెడే కొంప ముంచుతుంది. అందుకే ఓడ పక్కన ఒకే గీత ఉండదు, నిచ్చెనలా అరడజను గీతలు. వేడి దేశపు మంచినీటికి అన్నిటికన్నా పైగీత, అట్లాంటిక్ చలికాలానికి అన్నిటికన్నా కింది గీత. ఓడలు మోయలేనంత సరుకుతో మునిగిపోతున్నాయని ఇంగ్లండు పార్లమెంటులో గొడవపడి 1876లో ఈ గీతని చట్టం చేయించిన మనిషి శామ్యూల్ ప్లిమ్‌సోల్.

బందరులో తీరం ఎప్పుడూ లోతు లేనిదే. కంపెనీ రోజుల్లో పెద్ద ఓడలు మైళ్ల దూరంలో లంగరు వేసేవి, సరుకు పడవల మీద ఒడ్డుకి చేరేది. 2023లో పనులు మొదలైన కొత్త రేవులో తవ్వకానికే అంత ఖర్చు ఎందుకో దీన్ని బట్టి అర్థమవుతుంది.

వజ్రాల తూర్పార

ఆ పాత ఓడల్లో పోయిన సరుకులో కొల్లూరు వజ్రాలూ ఉన్నాయి. 17వ శతాబ్దంలో కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిని చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే, అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మట్టిని మడుల్లో పోసి నీళ్లు పెట్టి బురద వదిలించి, ఎండాక చేటల్లో ధాన్యంలా తూర్పార పట్టేవారట. తేలిక మట్టి గాలికి పోతుంది, బరువు రాళ్లు మిగులుతాయి. మామూలు తెల్లరాయి సాంద్రత 2.65, వజ్రానిది 3.52. చూపుకి ఒకటేలా ఉన్న రెండు రాళ్లని వేరు చేసేది ఆ తేడాయే. ఇప్పటి పరీక్షల్లోనూ మెథిలీన్ అయొడైడ్ అనే బరువైన ద్రవం వాడతారు, సాంద్రత 3.3. దాంట్లో మామూలు గాజు తేలుతుంది, తెల్లరాయి తేలుతుంది, వజ్రంలా మెరిసే మోయిసనైటు కూడా తేలుతుంది. వజ్రం మునుగుతుంది.

జాతీయ జెండాని రూపొందించిన పింగళి వెంకయ్యగారు బందరు దగ్గర భట్లపెనుమర్రులో పుట్టిన మనిషి. ఆయనకి భూగర్భశాస్త్రం మీద ఉన్న పట్టు వల్ల డైమండ్ వెంకయ్య అనే పేరు కూడా ఉంది. కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది.

ఇంట్లో చూసుకోవచ్చు

కమలాపండు తొక్కతో తేలుతుంది. ఒలిచి వేస్తే బరువు తగ్గి కూడా మునుగుతుంది, తొక్కలో గాలి పోయింది కదా.

పుచ్చకాయ ఎంత బరువున్నా తేలుతుంది. ద్రాక్షపండు మునుగుతుంది.

జాగ్రత్తగా పడుకోబెట్టిన సూది నీళ్ల మీద నిలుస్తుంది. ఇది సాంద్రత సంగతి కాదు, నీటి పైపొర బిగువు. ఒక చుక్క సబ్బు నీళ్లు వేయండి, సూది అడుక్కి పోతుంది.